స్థూలకాయమునకు మందు: వైద్యునితో మాటలాడు విధము



రాజుకడకును, గురువుకడకును, వైద్యునికడకును రిక్తహస్తములతో పోరాదని మన పూర్వులు ఒక నియమము పెట్టిరి. ఫలమో, పుష్పమో చేతబట్టుకొని పోవుట మర్యాద. ఈ కాలమున వైద్యునికి పండ్లు కొనిపోవువారు అరుదు. ఆయన రుసుము ఆయన పుచ్చుకొనును. ఐనను ఆ నియమములో నేటికిని పనికివచ్చు భాగమొకటి కలదు. వైద్యునికడకు పోవునప్పుడు ఒక కాగితము చేతబట్టుకొని పోవలెను. దాని ఒక ప్రక్క మనము చెప్పవలసిన మాటలును, రెండవ ప్రక్క మనము అడుగవలసిన మాటలును వ్రాసియుండవలెను. శరీరపు బరువును తగ్గించు క్రొత్త మందులు కొన్ని మన దేశమునకు వచ్చినవి. వానిని గూర్చి వైద్యునితో మాటలాడుటకు ఆ కాగితము మీద ఏమి వ్రాసికొనవలెనో చెప్పుటయే నేటి నా ప్రసంగము.

నేను వైద్యుడను గాను. బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఈ మందు పుచ్చుకొనుడని గాని, మానుడని గాని చెప్పు అధికారము నాకు లేదు. ప్రశ్న అడుగుట నేర్పుట మాత్రము నా వృత్తి. ఆ మేరకే మాటలాడెదను.

ఈ మాటలు పెద్దలకు చెప్పుట ఏలయని మీరు శంకింపవచ్చును. మన యిండ్లలో రోగి ఎవరైనను, వైద్యునికడకు పోవుటయో మానుటయో పెద్దల నోటనే తేలును. కోడలికి జ్వరము వచ్చినచో ఆటో పిలిపించువారు మీరే. కొడుకు కాలికి దెబ్బ తగిలినచో పట్టణమునకు తీసికొనిపోవువారు మీరే. శరీరము బరువెక్కినప్పుడు మాత్రము అది మనకు రోగముగా తోపదు, పరిహాసముగా తోచును. “కూర్చుండి తినుటచే వచ్చిన ఒళ్లు” అని ఒకరందురు. “నాలుగు బిందెలు నీళ్లు మోసిన తగ్గదా” అని మరియొకరందురు. ఆ మాటలు విన్న మనిషి రెండు దారులలో ఒకదానిని పట్టును. వైద్యునికి చూపింపక లోలోపల క్రుంగిపోవుట ఒకటి. ఎవరికిని చెప్పక, ఎవరో ఇచ్చిన చూర్ణమునో సూదిమందునో రహస్యముగా తెప్పించుకొని వాడుట రెండవది. మొదటిదానిలో రోగము ముదురును. రెండవదానిలో ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున ఇంటివారిని వైద్యుని ఎదుట నోరు విప్పనిచ్చుట, విప్పనీయకుండుట పెద్దల మాటతీరుపై ఆధారపడియున్నది.

స్థూలకాయమును రోగముగా పరిగణించుట పాశ్చాత్యులు తెచ్చిన క్రొత్త మాట కాదు. చరకసంహితలో సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము ఇట్టి దేహములను గూర్చియే చెప్పుచున్నది. అతిస్థూలునిని, అతికృశునిని ఆ గ్రంథము చికిత్స కావలసినవారిగా ఎన్నినది. స్థౌల్యమునకు కారణములు చెప్పుచు అతిభోజనము, మధుర స్నిగ్ధ పదార్థములు, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర అనువానితోపాటు బీజస్వభావమును గూడ చేర్చినది. బీజస్వభావమనగా తల్లిదండ్రులనుండి వచ్చు గుణము. మరియు, మేదస్సు పెరిగినవానికి ఆకలి ఎక్కువగుననియు, ఆ ఆకలియు రోగములో భాగమేననియు ఆ అధ్యాయమున కలదు. తిండిమీద అదుపు లేక లావెక్కుచున్నాడని మనము నిందించుచుండగా, లావెక్కుటవలననే ఆకలియు పెరుగునని మన ప్రాచీనులు గమనించిరి. ఈ సూక్ష్మమును మనము మరచితిమి.

నేటి శాస్త్రము వేరు దారిన వచ్చియు దీనిని పోలిన మాటయే చెప్పుచున్నది. ఉపవాసములచే గాని, మితాహారముచే గాని బరువు తగ్గిన మనిషి శరీరము ఆ తగ్గుదలను కరవుగా ఎంచుకొనును. ఆకలిని పుట్టించు రసములు పెరుగును. తృప్తిని కలిగించునవి తగ్గును. శరీరము ఖర్చుచేయు శక్తియు తగ్గును. ఆస్ట్రేలియాలోని వైద్యులు 2011 సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలో, బరువు తగ్గిన ఏడాదికి గూడ ఆకలికి సంబంధించిన ఈ మార్పులు పోలేదని తేలినది. కావుననే పట్టుదల గలవారు సైతము తగ్గిన బరువును మరల పొందుచున్నారు. ఇది సోమరితనముచే జరుగునని చెప్పుట అన్యాయము.

ఇక బరువు ఎక్కువయని ఎట్లు తెలియును? కంటితో చూచి చెప్పుట చాలదు. కిలోలలోని తూకమును మీటర్లలోని ఎత్తుచే ఒకమారు భాగించి, వచ్చినదానిని అదే ఎత్తుచే మరల భాగింపవలెను. 160 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువు గల మనిషికి ఆ లెక్క సుమారు 28 వచ్చును. ఐరోపావారికి 25 దాటిన అధికభారము, 30 దాటిన స్థూలకాయము. భారతీయులకు తక్కువ బరువులోనే మధుమేహము, హృద్రోగము కనబడుచున్నవి గనుక మన వైద్యనిపుణులు 2009లో 23ను, 25ను హద్దులుగా నిర్ణయించిరి. నడుము కొలత గూడ ముఖ్యము. పురుషునికి 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటినచో పొట్టలోని అవయవముల చుట్టును క్రొవ్వు చేరినదని అనుమానింపవలెను. చేతులు కాళ్లు సన్నగానుండి పొట్ట మాత్రము ముందుకు వచ్చినవారు మనలో ఎందరో కలరు. వారు తమను స్థూలకాయులుగా ఎంచుకొనరు. ఐనను అపాయము వారికిని కలదు.

ఇది కొందరు పట్టణవాసుల బాధ మాత్రమే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, ఆ లెక్క 25కు తక్కువ కాని స్త్రీలు ఆంధ్రప్రదేశమున నూటికి 36 మంది, తెలంగాణమున 30 మంది అని తేలినది. మన దేశమున పది కోట్లకు పైగా మధుమేహ రోగులు కలరని 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలివారి పరిశీలన తెల్పినది. ఈ రెండు లెక్కలకును దగ్గర సంబంధము కలదు.

మందుల సంగతికి వచ్చుచున్నాను. బరువు తగ్గించు మందులకు ఒక పూర్వచరిత్ర కలదు. అది తెలిసిననే జాగ్రత్త యొక్క విలువ తెలియును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సు దేశపు మందుగుండు కార్ఖానాలలో డైనైట్రోఫినాలు అను ద్రవ్యముతో పనిచేసినవారు చిక్కిపోవుట గమనింపబడెను. 1933లో అమెరికా వైద్యులు దానిని స్థూలకాయమునకు వాడిచూచిరి. బరువు తగ్గినమాట నిజమే. కాని కొందరికి కన్నులలో శుక్లములు వచ్చినవి. కొందరు శరీరతాపము మితిమీరి మరణించిరి. 1938 నాటికి దానిని నిలిపివేయవలసి వచ్చెను. తరువాత ఫెన్‌ఫ్లూరమిను అను మందు వచ్చి, గుండె కవాటములను చెరచుచున్నదని తెలియుటచే 1997లో అమెరికాలో ఉపసంహరింపబడెను. మనస్సును క్రుంగదీయుచున్నదని రిమోనాబంటును 2008లో ఐరోపావారు ఆపివేసిరి. గుండెపోటును, పక్షవాతమును పెంచుచున్నదని సిబుట్రమినును 2010లో ఐరోపా, అమెరికాలయందును, 2011లో మన దేశమునను నిషేధించిరి. మూలికామందులని పేరుపెట్టి అమ్ము పొట్లములలో ఈ సిబుట్రమినునే రహస్యముగా కలిపియుండుట అమెరికా ఔషధశాఖవారు పలుమారులు పట్టుకొనిరి. పేరులో మూలిక యున్నంత మాత్రమున లోపల మూలికయే యుండునని నమ్మరాదు.

ఇప్పటి క్రొత్త మందులు వేరు జాతివి. మనము భోజనము చేయగానే ప్రేగులు ఒక రసమును రక్తములోనికి విడుచును. అది “చాలును” అని మెదడునకు తెల్పును. జీర్ణకోశము మెల్లగా ఖాళీయగునట్లు చేయును. రక్తములో చక్కెర పెరిగినప్పుడు ఇన్సులినును పుట్టించును. సహజమైన ఆ రసము కొలది నిమిషములలోనే నశించును. అమెరికా ఎడారులలో గీలా అను విషపు బల్లి కలదు. దాని లాలాజలములో ఈ రసమును పోలినదియు, ఎక్కువకాలము నిలుచునదియు నగు పదార్థమును జాన్ ఎంగ్ అను వైద్యుడు కనుగొని 1992లో ప్రకటించెను. దానినుండి పుట్టిన మధుమేహపు మందు 2005లో అమెరికాలో అనుమతి పొందెను. తరువాతి కాలమున, మానవ శరీరములోని రసమునకే మార్పులుచేసి, వారమునకు ఒకమారు సూదిగా పుచ్చుకొనదగిన సెమాగ్లూటైడును తయారుచేసిరి. స్థూలకాయమునకు దీనిని అమెరికాలో 2021లో అనుమతించిరి. టిర్జెపటైడు అనునది రెండు రసముల పని చేయు మరియొక మందు. ఇది మౌంజారో అను పేర 2025 మార్చిలోను, సెమాగ్లూటైడు వెగోవి అను పేర 2025 జూనులోను మన దేశపు అంగళ్లకు వచ్చినవి.

వీని ఫలమెంత? 2021లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో మధుమేహము లేని 1961 మంది పాల్గొనిరి. వారందరికిని ఆహార వ్యాయామముల విషయమున సలహాలు ఇచ్చిరి. సెమాగ్లూటైడు పుచ్చుకొన్నవారు 68 వారములలో సగటున తమ బరువులో నూటికి 15 వంతులు తగ్గిరి. మందులేని సూది పుచ్చుకొన్నవారు నూటికి రెండున్నర వంతులు తగ్గిరి. అనగా 90 కిలోల మనిషి సగటున 13 కిలోలు తగ్గునన్నమాట. 2023లో ప్రకటింపబడిన మరియొక పరీక్ష అధికభారమును హృద్రోగమును గలిగి, మధుమేహము లేని 17,604 మందిపై జరిగినది. సుమారు 40 మాసములలో గుండెపోటు, పక్షవాతము, హృద్రోగ మరణము అనువానిలో ఏదో ఒకటి మందులేని సూది పుచ్చుకొన్న వారిలో నూటికి 8 మందికిని, మందు పుచ్చుకొన్న వారిలో ఆరున్నర మందికిని కలిగినది. ఇది మంచి ఫలమే. ఐనను నూరుగురిలో ఎంతమందికి మేలు జరిగినదో గమనింపుడు. వైద్యుని కడ ఇట్టి లెక్కలో అడుగుట నేర్చుకొనవలెను.

దీనికి రెండవ ముఖము గూడ కలదు. పై చెప్పిన మొదటి పరీక్షలో మందు పుచ్చుకొన్న వారిలో నూటికి 44 మందికి వికారము కలిగినది. మందులేని సూది పుచ్చుకొన్నవారిలో 17 మందికి కలిగినది. వాంతులు, విరేచనములు, మలబద్ధము గూడ కలవు. పెక్కుమందికి ఇవి కొలదిదినములలో సర్దుకొనును. కొలదిమందికి పిత్తాశయములో రాళ్లు ఏర్పడుట, అరుదుగా క్లోమము వాచుట జరుగును. ముఖ్యమైన మాట మరియొకటి: మందు మానివేసిన ఏడాదిలోపల, తగ్గిన బరువులో మూడింట రెండువంతులు తిరిగివచ్చినది. రక్తపుపోటు మందు మానినచో పోటు పెరుగునట్లే ఇదియు. పెండ్లికి ముందు మూడుమాసములు వాడి మానెదమను తలంపుతో దీనిని మొదలుపెట్టుట అవివేకము.

ఇంతవరకు విన్నదానిని మనస్సులో నుంచుకొని మన కాగితము తీయుదము. మొదటి ప్రక్క చెప్పవలసిన మాటలు.

శరీరము ఎప్పటినుండి బరువెక్కినదో వ్రాయవలెను. కాన్పు తరువాతనా, ఏదో మందు మొదలుపెట్టిన పిమ్మటనా, పొలము పని మానిన పిమ్మటనా? తైరాయిడు గ్రంథి మందగించుట, ఆడవారిలో అండాశయపు దోషము మున్నగునవి బరువును పెంచును. ఉబ్బసమునకు, కీళ్లనొప్పులకు వాడు స్టెరాయిడ్లు, మనోవ్యాధులకు వాడు కొన్ని మందులు, ఇన్సులిను గూడ బరువును పెంచును. కారణము ఇట్టిదైనచో చికిత్సయే మారిపోవును. అయితే ఆ మందులను మీయంతట మీరు ఆపరాదు. వైద్యునికి చెప్పి ఆయన నిర్ణయమునకు విడువవలెను.

ఇప్పుడు వాడుచున్న మందులన్నిటిని వ్రాయవలెను. పేర్లు తెలియనిచో ఆ మాత్రల అట్టలనే సంచిలో వేసికొని పోవుడు. మధుమేహమునకు ఇన్సులిను గాని, గ్లిమిపిరైడు, గ్లిక్లజైడు వంటి మాత్రలు గాని వాడుచున్నవారు ఈ క్రొత్త సూదిని చేర్చినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. వైద్యునికి ముందే తెలిసినచో ఆ మాత్రలను తగ్గించును. నాటుమందులు, చూర్ణములు, కషాయములు వాడుచున్నచో వానిని గూడ దాపరికము లేక చెప్పవలెను. కల్లు, సారాయము అలవాటున్నచో అదియు చెప్పవలెను. వైద్యునికడ, వకీలుకడ దాపరికము పనికిరాదని మన పెద్దలే అనిరి గదా.

పూర్వము వచ్చిన రోగములును, రక్తసంబంధీకుల రోగములును వ్రాయవలెను. క్లోమపు వాపు, పిత్తాశయపు రాళ్లు, మూత్రపిండముల జబ్బు, మధుమేహముచే కంటికి కలిగిన హాని ఉన్నచో తప్పక చెప్పవలెను. తైరాయిడు గ్రంథికి వచ్చు క్యాన్సరులలో మెడుల్లరీ అనబడునొక జాతి తమకు గాని, రక్తసంబంధీకులకు గాని వచ్చియున్నచో ఈ మందులు పుచ్చుకొనరాదు. తల్లికో, తోబుట్టువుకో మెడలో గడ్డకు శస్త్రచికిత్స జరిగినచో అది ఏమి గడ్డయో ఇంటిలో విచారించి, పాతకాగితములు వెదకి తీసికొనిపోవలెను. ఇట్టి సంగతులు ఇంటిలో తెలిసినవారు పెద్దలే.

బిడ్డలు కలుగు వయస్సుగల స్త్రీల విషయము వేరుగా చెప్పవలెను. గర్భిణులు ఈ మందు పుచ్చుకొనరాదు. బిడ్డను కోరువారు సెమాగ్లూటైడును కనీసము రెండుమాసములు ముందుగా మానవలెను. టిర్జెపటైడు గర్భనిరోధక మాత్రల బలమును తగ్గింపవచ్చును. ఈ మాటలు అత్తమామల ఎదుట కోడలు వైద్యునితో చెప్పజాలదు. ఆమె లోపల మాటలాడునప్పుడు మీరు బయట బల్లపై కూర్చుండుట అవమానముగా భావింపకుడు. ఆ పది నిమిషముల ఏకాంతము ఆమెకును, పుట్టబోవు బిడ్డకును రక్ష.

ఇక రెండవ ప్రక్క అడుగవలసిన మాటలు.

మొదటిది: “నా బరువుచే నాకు ఇప్పటికే ఏమి హాని జరిగినది? ఏ పరీక్షలు చేయవలెను?” రక్తపుపోటు, చక్కెర, కొలెస్టరాలు, కాలేయమునకు పట్టిన క్రొవ్వు, నిద్రలో గురకతో ఊపిరి ఆగుట మున్నగునవి ఇందు తేలును. రెండవది: “నాకు మందు అవసరమా? ఆహార వ్యాయామములు చాలునా?” సామాన్యముగా ముందు చెప్పిన లెక్క 30 గాని అంతకు మించి గాని ఉన్నవారికిని, 27 గాని అంతకు మించి గాని ఉండి మధుమేహము, రక్తపుపోటు వంటి జబ్బు తోడైనవారికిని ఈ మందులు అనుమతింపబడినవి. మూడవది: “ఎంత ఫలము ఆశింపవచ్చును? ఎంతకాలమునకు?” నాలుగవది: “ఎంతకాలము వాడవలెను? మానినచో ఏమగును?” ఐదవది: “ఏడాదికి మొత్తము ఖర్చెంత?” ఒక సూది వెల విని మొదలుపెట్టి, ఆరుమాసములకు అప్పుపాలై మానుట వ్యర్థము. సెమాగ్లూటైడుపై తయారీదారుకు మన దేశమున గల పేటెంటు హక్కు గడువు 2026 మార్చి వరకే. కావున మన దేశపు కంపెనీల మందు ఏది కలదు, దాని వెల ఎంత అని గూడ అడుగుడు.

ఆరవది: “ఏ లక్షణము కనబడినచో వెంటనే మీకడకు రావలెను?” ఈ ప్రశ్న ఎన్నడును మరవరాదు. పొట్ట పైభాగమున తీవ్రమైన నొప్పి పుట్టి వీపునకు ప్రాకుట, ఆగని వాంతులు, నీరు గూడ నిలువకుండుట, కన్నులు పచ్చబడుట, చూపు మందగించుట, ఇవి ఆలస్యము చేయరాని గుర్తులు. ఏడవది: “ఏమి తినవలెను?” ఆకలి తగ్గినదని గంజి త్రాగి ఊరకున్నచో క్రొవ్వుతోపాటు కండయు కరగును. పప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప మున్నగు కండను నిలుపు ఆహారము ఎంత పుచ్చుకొనవలెనో, ఏ వ్యాయామము చేయవలెనో అడుగుడు. ఎనిమిదవది: “మందును ఎట్లు దాచవలెను?” తెరువని సూదిమందు 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో ఉండవలెను, గడ్డకట్టరాదు. కరెంటు తరచు పోవు గ్రామములలో ఇది చిన్నమాట కాదు. తొమ్మిదవది: “తిరిగి ఎప్పుడు రావలెను?” సెమాగ్లూటైడు వారమునకు 0.25 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి నాలుగేసి వారములకు మెల్లగా పెంచుదురు. త్వరగా తగ్గవలెనని మోతాదును తామే పెంచుకొన్నవారు ఆసుపత్రి పాలగుదురు. ఎప్పుడైనను శస్త్రచికిత్సకు మత్తు ఇయ్యవలసి వచ్చినచో, ఈ మందు వాడుచున్న సంగతి మత్తువైద్యునికి ముందే చెప్పవలెను. కడుపు మెల్లగా ఖాళీయగు కారణమున ఉపవాసమున్నను లోపల ఆహారము నిలిచియుండవచ్చును.

కాగితము లేనప్పుడు ఏమి జరుగునో ఊహించి చూడుడు. నలువదియారేండ్ల ఇల్లాలు ఒకతె వైద్యుని ఎదుట కూర్చున్నది. “ఏమమ్మా, ఏమి బాధ?” అని వైద్యుడు అడుగును. “మోకాళ్ల నొప్పులండీ” అని ఆమె చెప్పి ఊరకుండును. బయట ఇరువదిమంది కాచుకొనియున్నారు. వైద్యుడు నొప్పి మాత్రలు వ్రాసి పంపును. ఆమె బరువు ముప్పది దాటిన లెక్కలో నున్నదనియు, రాత్రి ఊపిరాడక లేచి కూర్చుండుననియు, చెల్లెలు వాడుచున్న సూదిని తానును తెప్పించుకొనవలెనని తలచుచున్నదనియు ఆ గదిలో ఎవరికిని తెలియదు. అదే ఇల్లాలు కాగితము తీసి, “డాక్టరుగారూ, మోకాళ్ల నొప్పితోపాటు నా బరువును గూర్చియు అడుగవలెనని వచ్చితిని. చక్కెరకు ఈ మాత్రలు వాడుచున్నాను. సూదిమందు నాకు తగునో తగదో చెప్పుడు” అని యనినచో, వైద్యుడు కలమును క్రింద పెట్టి వినును. తగదని చెప్పినచో “ఏలనండీ?” అని అడుగవచ్చును. ఏ పరీక్షయు చేయక వెంటనే వ్రాసి ఇచ్చినచో గూడ “ఏలనండీ?” అని అడుగవచ్చును. వినయముతో అడిగిన ప్రశ్నకు మంచి వైద్యుడు కోపగింపడు. ఎవరైనను మీ శరీరమును పరిహసించి పంపినచో, మరియొక వైద్యుని చూచుటలో దోషము లేదు.

చీటీ లేక మందు కొనుటను గూర్చి ఒక్కమాట. ఇవి వైద్యుని చీటీపై మాత్రమే అమ్మవలసిన మందులు. గిరాకి పెరిగినకొలది దొంగసరకు గూడ బయలుదేరినది. సెమాగ్లూటైడు పేర నకిలీ మందు కొన్ని దేశములలో పట్టుబడినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూనులో హెచ్చరిక చేసినది. రసీదు ఇయ్యని అంగడిలోను, ఫోనులో కనబడు ప్రకటనను నమ్మియు కొనరాదు. ఒకరి సూదికలమును మరియొకరు వాడుటయు కూడదు. సూది మార్చినను రక్తమునుండి వచ్చు రోగములు ప్రాకవచ్చును. సొంత వైద్యము కొంత మానవలెనను సామెత ఇచ్చట పూర్తిగా మానవలెనని చదువుకొనుడు.

వృద్ధులైన శ్రోతలు తమ సంగతి గూడ తెలిసికొనవలెను. డెబ్బదియేండ్లు దాటిన శరీరమున కండ సహజముగనే తరుగుచుండును. అట్టివారు బరువు తగ్గు మందు వాడినచో కండ మరింత తరిగి, జారిపడి ఎముకలు విరుగు భయము కలదు. అవసరమైనచో వైద్యుడు వ్రాయవచ్చును. కాని మేలును కీడును త్రాసులో వేసి చూడుడని ఆయనను అడుగవలెను. ఏ మందు లేకయే, కోరకయే బరువు తగ్గుచున్న వృద్ధుడు సంతోషింపరాదు. దాచని మధుమేహమో, క్షయయో, క్యాన్సరో లోపలనుండవచ్చును గనుక ఆలస్యము లేక పరీక్ష చేయించుకొనవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2025 డిసెంబరులో ఈ మందులను గూర్చి వెలువరించిన మార్గదర్శకములలో, స్థూలకాయము దీర్ఘకాలము చికిత్స కావలసిన రోగమనియు, మందుతోపాటు ఆహార వ్యాయామములును నిరంతర పర్యవేక్షణయు ఉండవలెననియు చెప్పిరి. ఆ పర్యవేక్షణలో సగము ఆసుపత్రిలో జరుగును. సగము ఇంటిలో జరుగును. మందు వాడువాని విస్తరిలో “ఇంకొక ముద్ద” అని బలవంతముగా వడ్డింపకుండుట, సాయంకాలము వానితో చెరువుగట్టు దాక నడచుట, సూది వేసికొను వారమును జ్ఞాపకము చేయుట, వాంతులగుచున్నచో “ఓర్చుకొనుము” అనక వైద్యునికి తెల్పుట, ఇవి మీరు చేయదగిన పనులు.

మీ యింటిలో బరువుచే బాధపడువారు ఎవరైనను ఉన్నచో, రేపు ఉదయము వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక తెల్లకాగితము తీయుడు. వారు చెప్పినట్లు మీరు వ్రాయుడు. మధ్య మీ తీర్పు చేర్పకుడు. రెండు ప్రక్కలును నిండిన పిమ్మట ఆ కాగితమును వారి చేతికిచ్చి వైద్యునికడకు పంపుడు. మందు పుచ్చుకొనుటయా, మానుటయా అను నిర్ణయము అచ్చట జరుగనిండు.